ఉప్పు పండే తీరంలో ఆరోగ్యం

జబ్బు రాకముందే అడ్డుకునే పద్ధతుల్లో ఉప్పుకు అయోడిన్ కలపడం చాలా చవకైనది, బహుశా ఎవరి కంటా పడనిది కూడా. దానికి సూది లేదు, మాత్ర లేదు, ఆసుపత్రి వరస లేదు. ఇంటిల్లిపాదీ రోజూ తినే పదార్థంలోనే రక్షణ కలిసి ఉంటుంది. అదే ఉప్పు మోతాదు మించితే రక్తపోటును పెంచుతుంది, పక్షవాతానికి దారి తీస్తుంది. ఒకే పదార్థంలో ఒకటి చాలేలా, ఇంకొకటి మించకుండా చూసుకోవాల్సి రావడం ఆరోగ్య శాస్త్రంలో కాస్త ఇబ్బందికరమైన సంగతే. నెల్లూరు తీరంలో ఈ ఇబ్బంది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ ఉప్పు అంగట్లో కొనే సరుకే కాదు, కయ్యల్లో పండే పంట కూడా.

కావలి, బోగోలు, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లి గూడూరు, ముత్తుకూరు మండలాలు సముద్రాన్ని ఆనుకుని ఉన్నాయి. పెన్న సముద్రంలో కలిసే చోటికి ఉత్తరాన అల్లూరు మండలంలోని ఇసకపల్లి, దక్షిణాన కండలేరు ఉప్పుటేరు దగ్గరి కృష్ణపట్నం ఉప్పు తయారీకి పేరున్న చోట్లు. ఒకప్పుడు ఈ తీరం వెంట సరుకు బకింగ్‌హామ్ కాలువ మీద పడవల్లో సాగేది. ఈ జిల్లాకు వాన ఎక్కువగా ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది. తుపానుల కాలమూ అదే. అందుకే సంక్రాంతి దాటాక కయ్యలు బాగుచేసుకుని, గట్లు సరిచేసుకుని, ఎండలు ముదిరే కొద్దీ ఉప్పు తీస్తారు. మే నెల ఎండ మిగతా పంటలకు శత్రువు, ఈ పంటకు మాత్రం ఎరువు.

ఉప్పు తయారీ చూడటానికి నీళ్లు ఎండబెట్టినట్టే ఉంటుంది గానీ, అందులో లవణాలను ఒకదాని నుంచి ఒకటి విడదీసే పని చాలా ఉంది. లీటరు సముద్రపు నీటిలో రమారమి 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, 27 గ్రాముల దాకా ఉంటుంది. మిగిలినవి మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు. నీటిని ఒక కయ్య నుంచి ఇంకో కయ్యకు మళ్లిస్తూ ఆవిరి కానిస్తే ముందు సున్నం, తర్వాత జిప్సం అడుగున పేరుకుంటాయి. నీటి చిక్కదనాన్ని బామే డిగ్రీల్లో కొలుస్తారు. సముద్రపు నీరు మూడు, మూడున్నర డిగ్రీలుంటే, ఇరవై అయిదు దాటాక గాని ఉప్పు గడ్డకట్టడం మొదలవదు. ముప్పై దగ్గర పడేసరికి మెగ్నీషియం లవణాలు కూడా దిగడం మొదలుపెడతాయి, ఉప్పు చేదెక్కుతుంది. అందుకే ఆ దశకు ముందే మిగిలిన చేదునీటిని బయటికి వదిలేస్తారు.

అయోడిన్ పోయేది ఆ చేదునీటితోనే. సముద్రం పక్కన పండిన ఉప్పులో అయోడిన్ సహజంగానే ఉంటుందని చాలామంది అనుకుంటారు. చిన్న లెక్క వేస్తే ఆ నమ్మకం నిలవదు. లీటరు సముద్రపు నీటిలో అయోడిన్ 0.06 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. కిలో ఉప్పు తీయడానికి సుమారు 37 లీటర్ల నీరు కావాలి. ఆ నీటిలోని అయోడిన్ ఒక్క అణువు కూడా పోకుండా ఉప్పులోనే నిలిచినా కిలోకు రెండు మిల్లీగ్రాములకు కాస్త మించుతుందంతే. ఇంట్లో వాడే ఉప్పులో ఉండాల్సిన కనీస మోతాదు కిలోకు 15 మిల్లీగ్రాములు. అంటే ఎంత జాగ్రత్తగా తీసినా సముద్రపు ఉప్పు ఆ మోతాదులో ఏడో వంతుకు మించి ఇవ్వలేదు. అసలు జరిగేది ఇంకా తక్కువ: అయోడిన్ లవణాలు నీటిలో సులువుగా కరిగి ఉంటాయి కాబట్టి ఉప్పు స్ఫటికాల్లోకి చేరకుండా చేదునీటిలోనే మిగిలిపోతాయి. సముద్రంలో అయోడిన్‌ను పోగుచేసుకునేవి నాచు, చేపలు, రొయ్యలు. ఉప్పుకు ఆ గుణం లేదు.

మనిషి ఒంట్లో మొత్తం కలిపి ఉండే అయోడిన్ 15 నుంచి 20 మిల్లీగ్రాములు. అందులో ఎక్కువ భాగం గొంతు ముందు భాగాన ఉండే థైరాయిడ్ గ్రంథిలో దాగి ఉంటుంది. ఆ గ్రంథి తయారుచేసే థైరాక్సిన్ అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి. వాటిలో ఒకటి తొలగితే మరింత చురుకైన రెండో హార్మోను వస్తుంది. గుండె వేగం, ఒంటి వేడి, కండరాల శక్తి, పేగుల కదలిక, పిల్లల ఎదుగుదల, మెదడు పనితీరు ఇవన్నీ ఈ రెండు హార్మోన్ల అదుపులో నడుస్తాయి. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. గర్భిణులకు 250 దాకా కావాలి. డెబ్బై ఏళ్ల జీవితానికి సరిపడే అయోడిన్ అంతా పోగుచేసినా ఒక టీస్పూను నిండదు. అయితే దాన్ని ఒకేసారి మింగి ఊరుకోవడానికి లేదు. మిగులును మూత్రపిండాలు ఎప్పటికప్పుడు బయటికి పంపేస్తాయి కాబట్టి రోజూ కొంచెం కొంచెంగా అందుతూనే ఉండాలి. నిత్యం తినే పదార్థంలో కలపాలనే ఆలోచనకు మూలం ఇదే.

అయోడిన్ చాలకపోతే థైరాయిడ్ ఉన్న కొంచెంలోనే హార్మోను పిండుకోవడానికి ఉబ్బుతుంది. గొంతు ముందు కనిపించే ఆ వాపునే గాయిటర్ అంటారు, పాత పుస్తకాల్లో గలగండం. కానీ గాయిటర్ ఈ జబ్బులో కనిపించే భాగం మాత్రమే, పెద్ద నష్టం కనిపించనిది. గర్భంలోని శిశువు థైరాయిడ్ మొదటి మూడు నెలలు హార్మోను తయారు చేయలేదు. ఆ తర్వాత కూడా కొన్ని వారాల పాటు చాలినంత చేయలేదు. మెదడు కణాలు పుట్టి, ఎక్కడివక్కడ చేరి, ఒకదానితో ఒకటి ముడిపడే కీలకమైన సమయం సరిగ్గా అదే. అప్పుడు తల్లి రక్తంలోని హార్మోనే బిడ్డ మెదడుకు ఆధారం. తల్లికి అయోడిన్ తీవ్రంగా కరువైతే బిడ్డ చెవుడు, మూగతనం, ఎదగని ఒడ్డూపొడవు, మందబుద్ధితో పుట్టవచ్చు. దీన్ని క్రెటినిజం అంటారు. కరువు ఓ మోస్తరుదైతే బిడ్డ చూడటానికి మామూలుగానే ఉంటుంది, బడికి వెళ్తుంది, చదువులో వెనకబడుతుంది. అయోడిన్ తీవ్రంగా చాలని ప్రాంతాల్లో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన పరిశోధకులు, చాలినంత అందిన వాళ్లతో పోలిస్తే సగటు తెలివితేటల సూచిక పన్నెండు, పదమూడు పాయింట్లు తక్కువగా ఉన్నట్టు లెక్క తేల్చారు. ఆ పిల్లవాడిని 'మొద్దు' అని తిట్టే ఊరికి, తప్పు అతని పుట్టుకకు ముందే ఉప్పు డబ్బాలో జరిగిందని తెలిసే అవకాశం లేదు.

పెద్దవాళ్లలోనూ థైరాయిడ్ తగ్గితే దాని ప్రభావం మనసు మీద పడుతుంది. నిస్సత్తువ, నిద్రమత్తు, మతిమరుపు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, దిగులు మొదలైన లక్షణాలు డిప్రెషన్‌ను పోలి ఉంటాయి. అందుకే దిగులుతో వచ్చిన రోగికి, ముఖ్యంగా ఆడవాళ్లకు, వైద్యులు థైరాయిడ్ పరీక్ష కూడా రాస్తారు. అయితే థైరాయిడ్ జబ్బులన్నీ అయోడిన్ లోపం వల్ల రావు. అయోడిన్ చాలినంత అందే చోట్ల, ఒంటి రక్షణ వ్యవస్థే గ్రంథి మీద దాడి చేయడం ఎక్కువ సాధారణమైన కారణం. ఆ జబ్బుకు మందు హార్మోను మాత్రే. అదనంగా అయోడిన్ తింటే మేలు జరగదు, కొందరిలో చెడు కూడా జరగవచ్చు. పుట్టుకతోనే థైరాయిడ్ పనిచేయని శిశువుల సంగతి వేరు. మన దేశంలో రమారమి వెయ్యి మందిలో ఒకరు అలా పుడతారు. పుట్టిన కొద్ది రోజుల్లో మడమ నుంచి తీసిన రెండు చుక్కల రక్తంతో కనిపెట్టి మాత్ర మొదలుపెడితే ఆ బిడ్డ మెదడు దాదాపు మామూలుగానే ఎదుగుతుంది. నెలలు గడిచాక మొదలుపెడితే పోయింది తిరిగి రాదు.

ఈ జబ్బు చాలాకాలం కొండ ప్రాంతాల జబ్బుగానే చలామణీ అయింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే సైనిక వైద్యుడు గిల్గిత్ లోయలో గాయిటర్ మీద పరిశోధనలు చేశాడు. మురికి నీరే దానికి కారణమని నమ్మి, ఆ నీటి మడ్డిని తానే తాగి చూసిన మొండివాడు. ఆయన నిర్ధారణ తర్వాత నిలవలేదు గానీ, 1918లో కూనూరులో ఆయన మొదలుపెట్టిన చిన్న ప్రయోగశాల పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు చేరి, జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఉప్పుకు అయోడిన్‌తో పాటు ఇనుము కూడా కలిపే పద్ధతిని రూపొందించింది ఆ సంస్థే.

అయోడిన్ ఉప్పు పనిచేస్తుందని మన దేశంలో తిరుగులేకుండా చూపించింది ఒక తెలుగువాడు. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి, తన సహచరులతో కలిసి 1956లో హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో ప్రయోగం మొదలుపెట్టారు. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, మూడో దానికి మామూలు ఉప్పు సరఫరా చేయించారు. ఆరేళ్లు తిరిగేసరికి అయోడిన్ అందిన భాగాల్లో పిల్లల గాయిటర్ బాగా తగ్గింది, మూడో భాగంలో ఉన్నది ఉన్నట్టే ఉంది. ఆ తర్వాత మూడో భాగానికీ అయోడిన్ ఉప్పు ఇస్తే అక్కడా తగ్గింది. ఒక లోయ జనమంతా పాల్గొన్న ఇంత తేటతెల్లమైన ప్రయోగాలు ప్రజారోగ్య చరిత్రలో అరుదు. 1962లో కేంద్రం జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం ప్రారంభించింది. అది కూడా మొదట్లో హిమాలయాల అంచు జిల్లాలనే దృష్టిలో పెట్టుకుంది.

ఆ తర్వాత జిల్లాల వారీగా జరిగిన సర్వేలు ఈ కొండ సిద్ధాంతాన్ని దెబ్బతీశాయి. మైదానాల్లో, నదీ డెల్టాల్లో, తీరాల్లో కూడా గాయిటర్ కనిపించింది. కారణం నేలలోనే ఉంది. వానలు, వరదలు వేల ఏళ్లుగా పై మట్టిలోని అయోడిన్‌ను కడిగి సముద్రానికి చేరవేస్తూ వచ్చాయి. అలాంటి మట్టిలో పండిన వరిలో, కూరల్లో, ఆ గడ్డి మేసిన గేదె పాలల్లో అయోడిన్ తక్కువే. తీరంలో ఉన్నవాళ్లకు సముద్రపు చేప ఒక ఆసరా, నిజమే. పట్టపువాళ్ల, అంటే ఇక్కడి మత్స్యకారుల, పాలేల్లో రోజూ సముద్రపు చేపో రొయ్యో తినే కుటుంబానికి కొంత అయోడిన్ ఆ దారిన అందుతుంది. కానీ తీరానికి పది మైళ్ల లోపల, కాలువ కింద వరి పండించుకునే ఇంట్లో చేప వారానికోసారి వస్తే గొప్ప. వచ్చినా అది చాలాసార్లు చెరువు చేప. పులుసుకు పేరుపడ్డ కొరమేను, బొమ్మిడాయి మంచినీటివి. సముద్రపు చేపతో పోలిస్తే మంచినీటి చేపలో అయోడిన్ బాగా తక్కువ. శాకాహారుల ఇళ్లలో ఆ ఆసరా కూడా లేదు.

దేశమంతటా తినే ఉప్పుకు అయోడిన్ కలపాలని 1984లో నిర్ణయం జరిగింది. 1992లో కార్యక్రమం పేరులోంచి గాయిటర్ పోయి 'అయోడిన్ లోప వ్యాధులు' వచ్చి చేరింది. పేరు మారడం చిన్న సంగతి కాదు, గొంతు వాపు నుంచి మెదడు వైపు దృష్టి మళ్లిందని అర్థం. అయోడిన్ లేని ఉప్పును తిండికి అమ్మకూడదని 1990ల చివర్లో కేంద్రం విధించిన నిషేధాన్ని 2000లో తీసేశారు. ఏ ఉప్పు తినాలో ప్రభుత్వం చెప్పడమేమిటనీ, చిన్న తయారీదారులు దెబ్బతింటారనీ వచ్చిన వాదనలు అప్పుడు నెగ్గాయి. ఉప్పు మీద పన్నును ధిక్కరించి దండి దాకా నడిచిన దేశంలో ఆ వాదనకు బలం ఉండటం సహజమే. వైద్య పరిశోధకులు గట్టిగా అభ్యంతరం చెప్పాక 2006 మే 17 నుంచి నిషేధం మళ్లీ వచ్చింది. 2011 జులైలో సుప్రీంకోర్టు, ఆనాటి కల్తీ నిరోధక చట్టం కింద అలాంటి నియమం చేసే అధికారం లేదని తేల్చి, ప్రభుత్వం సరైన దారిలో చట్టం చేసుకునేందుకు ఆరు నెలల గడువిచ్చింది. ఆ లోగా ఆహార భద్రతా ప్రమాణాల చట్టం కింద కొత్త నిబంధనలు వచ్చాయి. ఇప్పుడు నడుస్తున్నవి అవే. అయితే ఆ నిబంధనలు పశువుల మేతకు, నిల్వ పదార్థాలకు, పరిశ్రమలకు అమ్మే ఉప్పును మినహాయించాయి. ఈ మినహాయింపు నెల్లూరు తీరంలో లెక్కలోకి వస్తుంది, ఎలాగో కింద చూడవచ్చు.

కలపడం కష్టమైన పని కాదు. టన్ను ఉప్పుకు యాభై గ్రాముల పొటాషియం అయోడేట్‌ను నీళ్లలో కలిపి, కదులుతున్న పట్టీ మీద వెళ్లే ఉప్పుపై జల్లితే కిలోకు 30 మిల్లీగ్రాముల అయోడిన్ చేరుతుంది. ఖర్చు కిలోకు పైసల్లోనే. ఇంత చవకైన రక్షణ అన్ని ఇళ్లకూ ఎందుకు చేరలేదన్నదే అసలు ప్రశ్న. 2018-19లో జరిగిన జాతీయ అయోడిన్ సర్వే ప్రకారం దేశంలో 76.3 శాతం ఇళ్లలో మాత్రమే ఉప్పులో చాలినంత అయోడిన్ ఉంది. అట్టడుగున తమిళనాడు, 61.9 శాతం. దాని పైన ఆంధ్రప్రదేశ్, 63.9 శాతం. రాజస్థాన్, ఒడిశా కూడా కింది వరసలోనే ఉన్నాయి. సముద్రం జాడే లేని జమ్మూ కశ్మీర్, నాగాలాండ్‌లలో మాత్రం దాదాపు ప్రతి ఇంటా అయోడిన్ ఉప్పే ఉంది. ఉప్పు పండించే రాష్ట్రాలు వెనకబడటం, ఉప్పంతా బయటి నుంచి తెచ్చుకునే రాష్ట్రాలు ముందుండటం మొదట వింతగా తోస్తుంది. కానీ సరుకు నడిచే దారి చూస్తే వింత పోతుంది. దూరానికి పోయే ఉప్పు రైలెక్కుతుంది. రైలెక్కే ముందు ఫ్యాక్టరీలో శుద్ధి అవుతుంది, అయోడిన్ కలుస్తుంది, తనిఖీకి లోనవుతుంది. దగ్గరికి పోయే ఉప్పు లారీలో, ఆటోలో, ఒక్కోసారి సైకిలు మీద మూటగా వెళ్తుంది. దానికి ఏ గేటూ లేదు. ఉప్పు కయ్యకు ఊరు ఎంత దగ్గరైతే, అయోడిన్ కలిసే యంత్రానికి అంత దూరమవుతుంది. కొండ జనానికి సోకిందనుకున్న కరువు చివరికి ఉప్పు పక్కనే మకాం పెట్టింది.

ఇంట్లోకి వచ్చాక మరికొంత పోతుంది. రాళ్ల ఉప్పు చవక, ఒకేసారి బస్తా కొనుక్కోవచ్చు, పచ్చళ్లకు అదే బాగుంటుందని నమ్మకం. అయోడిన్ కలిసిన ఉప్పుతో ఆవకాయ పాడవుతుందని పెద్దవాళ్లు అంటుంటారు. దీనికి ఆధారం లేదు. రాళ్ల ఉప్పుకు అయోడిన్ పట్టదనేది కూడా నిజం కాదు, దానికీ జల్లవచ్చు. అయితే గింజలు పెద్దవి కాబట్టి సమంగా అంటుకోదు, తేమకు కారిపోతుంది. మట్టి అంటుకుందని రాళ్ల ఉప్పును నీళ్లలో కడిగి ఎండబెట్టే అలవాటు ఉన్న ఇంట్లో ఉన్న కాస్తా కాలువలో కలుస్తుంది. పొయ్యి పక్కన మూతలేని డబ్బాలో పెట్టినా, తీరపు గాలి తేమ తగిలినా నెలనెలా తగ్గుతూ పోతుంది. మూత గట్టిగా ఉండే డబ్బా, ఎండా వేడీ తగలని చోటు, కూర దించే ముందు ఉప్పు వేయడం ఈ మూడూ చాలు. ఉప్పులో అయోడిన్ ఉందో లేదో తెలుసుకోవడానికి ఆశా కార్యకర్తల దగ్గర చిన్న పరీక్ష కిట్టు ఉంటుంది. చిటికెడు ఉప్పు మీద ఒక చుక్క వేస్తే, అయోడిన్ ఉంటే ఊదారంగు వస్తుంది. కిట్టులోని గంజికి, అయోడిన్‌కు మధ్య జరిగే చర్య అది. రంగు ముదురును బట్టి మోతాదును ఉజ్జాయింపుగా అంచనా వేయవచ్చు.

ఇక సోడియం వైపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పిన పరిమితి రోజుకు అయిదు గ్రాముల ఉప్పు, అంటే రెండు గ్రాముల సోడియం, ఒక చిన్న చెంచాడు. మన దేశంలో జరిగిన జాతీయ సర్వేలో సగటు వాడకం ఎనిమిది గ్రాములని తేలింది. మగవాళ్లలో అది తొమ్మిదికి దగ్గర. అంతకుముందు 24 గంటల మూత్రాన్ని కొలిచి చేసిన ఒక అధ్యయనంలో ఢిల్లీ, హర్యానాలలో 8.6 గ్రాములుంటే ఆంధ్రప్రదేశ్‌లో 9.5 గ్రాములుంది. మూత్రాన్ని కొలవడం ఎందుకంటే, తిన్న సోడియంలో తొంభై పాళ్లు ఆ దారినే బయటికి పోతుంది. ఎంత తిన్నారని అడిగితే వచ్చే జవాబు కంటే అది నమ్మదగినది.

సోడియం ఎక్కువైతే దాన్ని పలచన చేయడానికి ఒళ్లు నీటిని పట్టి ఉంచుతుంది. రక్తనాళాల్లో ద్రవం పెరుగుతుంది, గోడల మీద ఒత్తిడి పెరుగుతుంది. మూత్రపిండాలు ఆరోగ్యంగా ఉన్న కుర్రవాడు మిగులు ఉప్పును తోసేయగలడు. వయసు పైబడిన కొద్దీ, కొందరికి పుట్టుకతోనే, ఆ శక్తి తక్కువ. నాళాల లోపలి పొర గట్టిపడుతుంది, సాగే గుణం పోతుంది. పెద్దల్లో వందకు 35 మందికి రక్తపోటు ఉన్నట్టు 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం చెప్పింది. వాళ్లలో చాలామందికి తమకు బీపీ ఉన్న సంగతే తెలియదు. దానికి నొప్పి లేదు. తలనొప్పి వస్తే బీపీ, రాకపోతే లేదు అనే లెక్క ఎంతోమంది ప్రాణాల మీదికి తెచ్చింది. తీరా తెలిసేది మాట పడిపోయిన రోజునో, చెయ్యి కాలు స్వాధీనం తప్పిన రోజునో. పక్షవాతం ఒంటితో ఆగదు. తేరుకున్నవాళ్లలో మూడో వంతు మంది దిగులుతో బాధపడతారు. మెదడులోని సన్న నాళాలు ఏళ్ల తరబడి దెబ్బతింటూ పోతే, ఒక్కసారి కూడా పక్షవాతం రాకుండానే, జ్ఞాపకశక్తి మెల్లగా అడుగంటుతుంది. నడివయసులోని రక్తపోటుకూ ముసలితనంలోని మతిమరుపు జబ్బుకూ ఉన్న సంబంధం ఇప్పుడు బాగా రుజువైన సంగతి. అంటే ఉప్పు రెండు చివరలా మెదడునే తాకుతుంది. చాలని అయోడిన్ పుట్టకముందు దెబ్బ కొడితే, మించిన సోడియం జీవితం చివర్లో కొడుతుంది.

పాశ్చాత్య దేశాల్లో తినే ఉప్పులో ఎక్కువ భాగం ఫ్యాక్టరీ రొట్టెల్లో, డబ్బా తిళ్లలో దాగి ఉంటుంది. అందుకే బ్రిటన్ లాంటి దేశాలు కంపెనీల మీద ఒత్తిడి తెచ్చి తగ్గించగలిగాయి. తెలుగు ఇళ్లలో ఉప్పు వేసేది వంట చేసేవాళ్ల చెయ్యే. కూరలో, పప్పులో, చారులో, మజ్జిగలో, ఒక్కోచోట అన్నం వార్చేటప్పుడు కూడా. ఆ పైన ఊరగాయ, అప్పడం, ఊరమిరపకాయలు. నూటికి పది పాళ్లు ఉప్పున్న ఊరగాయ ఒక పెద్ద చెంచాడు వేసుకుంటే గ్రామున్నర ఉప్పు. రెండు పూటలా వేసుకుంటే రోజు పరిమితిలో సగానికి పైగా అక్కడే అయిపోతుంది. చింతపండు పులుపును నిలబెట్టడానికి ఉప్పు ఎక్కువే పడుతుంది, కాబట్టి చేపల పులుసు ఇందులో నిర్దోషి కాదు. తీరంలో ఎండు చేప మరో దారి. నెత్తళ్లు, సావిడాయలు లాంటివి కొన్ని ఉప్పు లేకుండా ఇసుక మీద ఎండబెట్టినవి, కొన్ని ఉప్పు పట్టించినవి. ఉప్పు చేపకు వాడేది నిల్వ పదార్థాల మినహాయింపు కిందికి వచ్చే ఉప్పు, కాబట్టి దానితో సోడియం వస్తుంది గానీ ఉప్పు తరఫున రావాల్సిన అయోడిన్ రాదు. వండే ముందు నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోస్తే ఉప్పు కొంత తగ్గుతుంది.

ఉప్పు తగ్గిస్తే రుచి పోతుందన్న భయం పూర్తిగా అబద్ధం కాదు. అయితే నాలుక కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది. మెల్లగా తగ్గించిన ఇంట్లో రెండు నెలల తర్వాత పాత మోతాదే ఎక్కువనిపిస్తుంది. ఇంకో దారి, ఉప్పు మోతాదు అలాగే ఉంచి అందులో సోడియం తగ్గించడం. చైనా గ్రామాల్లో జరిగిన ఒక పెద్ద ప్రయోగంలో 600 ఊళ్లలోని 20,995 మందిని తీసుకుని, సగం ఊళ్లకు నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. అందరూ పక్షవాతం వచ్చి కోలుకున్నవాళ్లో, బీపీ ఉన్న పెద్దవాళ్లో. దాదాపు అయిదేళ్ల తర్వాత చూస్తే, ఆ ఊళ్లలో పక్షవాతాలు 14 శాతం తగ్గాయి, మరణాలు కూడా తగ్గాయి. 2021లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంట్లో వాడుకునేందుకు ఇలాంటి ఉప్పును సూచించింది, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లను, గర్భిణులను, పిల్లలను మినహాయిస్తూ. పొటాషియం రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. కిడ్నీ పరీక్ష చేయించుకోని మధుమేహ రోగి అంగట్లో చూసి కొనుక్కునే సరుకు కాదది.

ఉప్పు తీసేవాళ్ల ఆరోగ్యం వేరే లెక్క. తెల్లటి కయ్యల మీద పడిన ఎండ కళ్లకు ఎదురు కొడుతుంది. ఏళ్ల తరబడి ఆ వెలుగులో పనిచేస్తే కంటి గుడ్డు మీద పొర పెరుగుతుంది. చిక్కటి ఉప్పునీటిలో నిలబడిన కాళ్లకు పగుళ్లు, మానని పుళ్లు. అన్నింటికన్నా ప్రమాదం వేడి. తమిళనాడు ఉప్పు కయ్యల్లో చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్య సంస్థ పరిశోధకులు చేసిన అధ్యయనంలో, పనివాళ్లలో అత్యధికులు సురక్షిత పరిమితికి మించిన వేడిలో పనిచేస్తున్నారనీ, కొందరిలో మూత్రపిండాల పనితీరు తగ్గిందనీ తేలింది. మరుగు లేనందువల్ల ఆడకూలీలు నీళ్లు తాగడమే మానుకోవడం వేడి చేసే హానిని రెట్టింపు చేస్తుంది. కయ్యల గట్టున నీడ, తాగేనీరు, మరుగుదొడ్డి, నల్ల కళ్లద్దాలు, మోకాలి బూట్లు ఇవి మందుల షాపులో దొరకవు గానీ, ఇక్కడ మూత్రపిండాన్ని కాపాడేవి ఇవే. చెమటతో ఉప్పు పోతుంది కాబట్టి ఎండలో పనిచేసేవాళ్లకు ఉప్పు తగ్గించమనే సలహా గుడ్డిగా వర్తించదు. అలాగని వాళ్లకు బీపీ రాదని కూడా కాదు. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు పరీక్షలు చేసే జాతీయ కార్యక్రమం గ్రామ స్థాయి ఆరోగ్య కేంద్రాల దాకా వచ్చింది. కయ్యల పని తెల్లవారుజామునే మొదలవుతుంది కాబట్టి, పని ముగిశాక పెట్టే శిబిరానికే వాళ్లు రాగలరు.

ఉప్పు తగ్గిస్తే అయోడిన్ కూడా తగ్గిపోదా అన్న ప్రశ్న తరచుగా వస్తుంది. లెక్క వేసి చూస్తే దానికి జవాబు ఉప్పు ఎక్కువ తినడంలో లేదు. కిలోకు 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉన్న ఉప్పును రోజుకు పది గ్రాములు తింటే 150 మైక్రోగ్రాములు అందుతాయి. వంటలో అయిదో వంతు పోయిందనుకున్నా 120 మిగులుతాయి. అదే ఉప్పు అయిదు గ్రాములకు తగ్గితే వంట నష్టం పోను 60కి పడిపోతుంది. పెద్దవాళ్లకు అది సగం కూడా కాదు, గర్భిణికి నాలుగో వంతు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఇచ్చిన పట్టిక ఈ చిక్కును ముందే చూసింది. రోజుకు పది గ్రాములు తినే జనానికి ఉప్పులో కిలోకు 20 మిల్లీగ్రాములు కలపమని, అయిదు గ్రాములు తినే జనానికి 39 కలపమని అందులో ఉంది. మన కనీస ప్రమాణం పాత, ఎక్కువ ఉప్పు తినే రోజుల లెక్క మీద నిలబడింది. సోడియం తగ్గించే ప్రచారం నిజంగా ఫలిస్తే ఆ అంకెను పైకి జరపాల్సి ఉంటుంది. పొటాషియం కలిపిన ఉప్పుకూ అయోడిన్ జల్లాల్సి ఉంటుంది. ఈ రెండూ ఫ్యాక్టరీలో, నిబంధనల పుస్తకంలో జరిగే మార్పులు. ఇసకపల్లి కయ్య నుంచి పక్క ఊరికి మూటల్లో పోయే ఉప్పుకు మాత్రం కయ్య దగ్గరే అయోడిన్ జల్లే చిన్న యంత్రం కావాలి. అలాంటి యంత్రాలు ఉన్నాయి, సహకార సంఘం స్థాయిలో నడపగలిగినంత చిన్నవే.